నొప్పి అనని పంతులుగారు

మొన్న ఆదివారం వంటింట్లో డబ్బా మూత తీసి, "బియ్యం అయిపోయాయండీ" అని మా ఆయనతో అనబోయి ఆగాను. నోరు సర్దుకుని, "బియ్యం నిండుకున్నాయండీ" అన్నాను. హాల్లో పేపరు చదువుకుంటున్న మా ఆయన పేపరు దించి నా వంక అనుమానంగా చూశారు. మా అమ్మ అలా అనేది, అత్తగారూ అలాగే అనేవారు. నేను కాలేజీ ఆఫీసులో ఉద్యోగం చేసుకునే మనిషిని. అయిపోతే అయిపోయాయనే అంటాను.

"ఏమిటి, పంతులుగారు గుర్తొచ్చారా?" అన్నారు మా ఆయన.

గుర్తొచ్చారు. ఆ పూటంతా గుర్తొస్తూనే ఉన్నారు. ఆయన పేరు ఇక్కడ చెప్పడం లేదు. దాచాలని కాదు, ఏలూరులో నాకు ఆయన పరిచయమైన ఫిజియోథెరపీ సెంటర్లో ఆయన్ని ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. అందరికీ పంతులుగారే. ఉంగుటూరు దగ్గర ఒక పల్లెలో పౌరోహిత్యం చేసుకునే పెద్దాయన.

ఆ సెంటరుకి నేను వెళ్ళవలసి రావడానికి కారణం మా ఆయన డ్రైవింగు. ఈ మాట ఆయన ఒప్పుకోరు. ముందు వెళుతున్న లారీవాడు ఉన్నట్టుండి బ్రేకు వేశాడంటారు. సరే, లారీవాడే అనుకుందాం. దెందులూరు దగ్గర హైవే మీద మా కారు ముందుభాగం, నా కుడి మోకాలు రెండూ ఒక్కసారే నుగ్గయ్యాయి. కారుని షెడ్డులో బాగుచేశారు, మోకాలికి ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత ఫిజియోథెరపీ అన్నారు. దాని ఖర్చు కూడా ఇన్సూరెన్సు కంపెనీయే పెట్టుకుంటుందని తెలిసి సంబరపడ్డాను. వాళ్ళు ఒప్పుకున్న సెంటరుకే వెళ్ళాలన్న సంగతి తర్వాత తెలిసింది. మా తాడేపల్లిగూడెంలో అలాంటిది లేదట, ఏలూరు వెళ్ళాలట. అదీ ఒకేసారి అన్ని సిట్టింగులకీ ఒప్పుకోరు. కొన్నింటికి ఒప్పుకుంటారు. అవి కాగానే ఫోన్ చేసి, ఎలా ఉందండీ అని అడుగుతారు. మనం చెప్పినదాన్ని బట్టి ఇంకొన్నింటికి సరేనంటారు, లేదా చాలంటారు.

మొదటిరోజు మోకాలి మంటతో, బస్సు కుదుపులతో, మా ఆయన మీద కోపంతో అక్కడికి చేరాను. బెంచీ మీద పంచె కట్టుకుని, ఉత్తరీయం వేసుకుని ఒక పెద్దాయన కూర్చున్నారు. కుడిచేతికి పసుపురంగు గుడ్డసంచీ తగిలించుకుని ఉన్నారు. పక్కనే ఆయన భార్య. నుదుట విభూది చూసి, నా అలవాటు కాకపోయినా "నమస్కారమండీ" అన్నాను. ఆయన సంచీ వంక చూసుకున్నారు, తల మాత్రం ఊపి "శుభం తల్లీ" అన్నారు. చెయ్యెత్తి దీవించకపోయేసరికి కాస్త గర్విష్ఠి అనుకున్నాను.

సెంటరు నడిపే అమ్మాయిది భీమవరం. చలాకీ పిల్ల. ఆమె గోడకి ఒక పటం అంటించింది. అందులో వరసగా మొహాల బొమ్మలు. ఈ చివర నవ్వుతున్న మొహం, ఆ చివర బావురుమంటున్న మొహం. రోజూ వ్యాయామానికి ముందు "ఇవాళ మీ నొప్పి ఏ మొహమండీ?" అని అడిగేది. నేను ఏడుపుమొహాన్ని తప్ప ఇంకోదాన్ని చూపించిన రోజు లేదు. ఆ పెద్దాయన వంతు వస్తే ఎడమచెయ్యి చాపి నవ్వుమొహం మీద వేలు పెట్టేవారు.

"పంతులుగారూ, పదికి ఎంతండీ నొప్పి? నిజం చెప్పండి" అంది ఆ అమ్మాయి ఒకరోజు.

"పదికి పదీ శుభమేనమ్మా."

అలా అంటున్నప్పుడే ఆ అమ్మాయి ఆయన కుడిచేతిని పట్టుకుని మెల్లగా పైకి లేపుతోంది. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుపోయాయి. కణతల దగ్గర చెమట పట్టింది. ఆ చెయ్యి ఛాతీ దాకా వచ్చి, బిగుసుకుపోయిన తలుపులా అక్కడ ఆగిపోయింది. అప్పుడు అర్థమైంది నాకు, ఆ సంచీ ఎందుకో. ఎవరైనా నమస్కారం పెడితే చెయ్యి ఖాళీగా లేదు, ఏమనుకోకండి అన్నట్టు ఉండడానికి అది. లోపల ఒక పంచాంగం తప్ప ఏమీ ఉండేది కాదు.

ఆయనదీ కారు ప్రమాదమే. భీమడోలు వైపు ఎవరి గృహప్రవేశమో చేయించి వస్తుంటే గేదె అడ్డొచ్చింది, డ్రైవరు తప్పించబోయాడు, కారు రోడ్డు దిగిపోయింది. భుజం ఎముక విరిగి ప్లేటు వేశారు. ఇదంతా ఆయన భార్య చెప్పారు. ఆవిణ్ణి నేను పిన్నిగారూ అనేదాన్ని. పంతులుగారు చెబితే అదే కథ ఇంకోలా ఉండేది.

"మా కారు కాసేపు వరిచేలో విశ్రాంతి తీసుకుందమ్మా. పచ్చటి చేను, చల్లటి గాలి. కాకపోతే తలకిందులుగా ఉన్నాం."

అశుభం అనిపించే మాట ఏదీ ఆయన నోటమ్మట వచ్చేది కాదు. కరెంటు పోయి నా మోకాలికి పెట్టిన మిషను ఆగిపోతే "మిషనుకి కాస్త విశ్రాంతి" అనేవారు. బస్సు తప్పిపోతే "ఇంకో బస్సు మనకోసం బయల్దేరింది" అనేవారు. తిరుగు ప్రయాణంలో ముగ్గురం ఒకే బస్సులో ఉంగుటూరు దాకా వెళ్ళేవాళ్ళం. మా కారు గుద్దుకున్న చోటు వచ్చినప్పుడల్లా నేను పళ్ళు నూరేదాన్ని. ఆయన్ని ఎలాగైనా ఒక చెడ్డమాట అనిపించాలని నాకు సరదా పుట్టింది.

"పంతులుగారూ, ఇక్కడే మావారు నన్ను ఇలా చేశారు. ఆయన డ్రైవింగు ఎలాంటిదంటారు?"

"ఇద్దరూ క్షేమంగా ఉన్నారు కదమ్మా. మంచి డ్రైవింగే."

పిన్నిగారు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ రోజు ఇంటికెళ్ళి ఈ ముక్క చెప్పాను. మా ఆయన పంతులుగారిని చూడకుండానే ఆయన భక్తుడైపోయారు.

అయినా నాకు పంతులుగారంటే అభిమానం పెరుగుతూ వచ్చింది. ఆ గదిలో పైన ఒక గిలక, దానికి తాడు ఉండేవి. ఒక చేత్తో లాగితే రెండో చెయ్యి పైకి లేస్తుంది. ఆయన దాని ముందు కూర్చుని, నూతిలో నీళ్ళు తోడుతున్నంత శ్రద్ధగా లాగుతూ, సన్నగా పెదాలు కదుపుతూ ఏదో మంత్రం చెప్పుకునేవారు. మంత్రం ఎక్కడ ఆగితే అక్కడ నొప్పి పుట్టిందని నాకు తెలిసేది. కాసేపటికి మళ్ళీ అందుకునేవారు. నేనేమో పక్క బల్ల మీద పడుకుని "అమ్మో, చచ్చాను" అని కేకలు పెట్టేదాన్ని. నేను అలా అన్న ప్రతిసారీ ఆయన "వెయ్యేళ్ళు బతుకుతారమ్మా" అని సర్దేవారు.

ఒకసారి నా వంక చూసి నవ్వారు. "మనిద్దరిదీ తమాషా అమ్మా. దీవించేవాడి చెయ్యి పైకి రానంటోంది, దీవెన పుచ్చుకునేవారి మోకాలు కిందికి రానంటోంది."

అసలు సంగతి పిన్నిగారు ఒక సాయంత్రం బస్టాండులో చెప్పారు. పంతులుగారు నీళ్ళ సీసా నింపుకురావడానికి వెళ్ళారు.

"మాఘంలో పెళ్ళుందమ్మా. కైకలూరు అవతల కొల్లేటి లంకలో. చేపల చెరువులున్న వాళ్ళు. ఆ పెళ్ళికూతురి తల్లి పెళ్ళి మా ఆయనే చేయించారు. అమ్మమ్మ పెళ్ళికి మా మామగారి పక్కన కూర్చున్నారట. ఇప్పుడేమో వాళ్ళు కబురు పెట్టారు. పెద్దవారు, మీకు శ్రమ ఎందుకండీ, మీరు వచ్చి కూర్చుంటే చాలు, ఇంకొకరి చేత చేయిస్తాం అని."

"మంచిమాటే కదండీ."

"ఏం మంచిమాటమ్మా? చెయ్యెత్తి అక్షింతలు వెయ్యలేనివారిని పీటల దగ్గర ఎవరు కూర్చోబెట్టుకుంటారు? ఎడమచేత్తో వెయ్యడానికి లేదు కదా. ముహూర్తం నాటికి నేనే వస్తానని చెప్పి పంపించారు ఈయన. వెళ్ళలేకపోయారా, ఇంక ఏ పెళ్ళికీ వెళ్ళరు. నాకు తెలుసు. బయటికి శుభం శుభం అంటూ ఇంట్లో కూర్చుంటారు."

అంతలో ఆయన నీళ్ళు తెచ్చారు. సంచీ చేతికే ఉంది.

కొద్దిరోజులకి, మేం సెంటర్లో ఉండగానే, ఇన్సూరెన్సు కంపెనీ వాళ్ళ ఫోన్లు వచ్చాయి. ముందు నాకు, ఎవరో పిల్ల చేసింది. ఆ పిల్ల "ఎలా ఉన్నారు మేడమ్?" అనడమే ఆలస్యం, మోకాలు, మెట్లు, బాత్రూము, రాత్రి పోట్లు, మా ఆయన, అన్నీ చెప్పాను. ఆ పిల్లకి మధ్యలో ఊఁ అనే సందు కూడా ఇవ్వలేదు. ఆ వెంటనే పంతులుగారి ఫోను మోగింది, ఆయనదీ అదే కంపెనీ. ఆయనకి ఫోను చెవి దగ్గర పెట్టుకోవడం కష్టం కాబట్టి పిన్నిగారు స్పీకరు పెట్టారు. అందరం విన్నాం.

"సార్, మీ భుజం ఎలా ఉందండీ ఇప్పుడు?"

"శుభంగా ఉందమ్మా."

"నొప్పి ఏమైనా ఉందాండీ?"

"భగవంతుడి దయ తల్లీ."

"మీ పనులు మీరు చేసుకోగలుగుతున్నారాండీ?"

"ఆయనే చేయిస్తున్నాడమ్మా. నువ్వు చల్లగా ఉండాలి."

ఆ పిల్ల సంతోషంగా థాంక్స్ చెప్పి పెట్టేసింది. నేను బల్ల మీద లేచి కూర్చున్నాను. పిన్నిగారు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నారు. ఆయన మాత్రం "మంచి పిల్ల" అంటూ గిలక దగ్గరికి వెళ్ళిపోయారు.

అనుకున్నట్టే అయింది. నాకు ఇంకొన్ని సిట్టింగులు ఇచ్చారు. ఆయనకి ఆపేశారు. పూర్తిగా కోలుకున్నట్టు స్వయంగా చెప్పారు కాబట్టి అవసరం లేదన్నారు. భీమవరం అమ్మాయికి ఏడుపొక్కటే తక్కువ. "ఇప్పుడు ఆపితే భుజం ఎక్కడుందో అక్కడే బిగుసుకుపోతుందండీ. ఇంక పైకి రాదు" అంది. సొంత డబ్బు పెట్టుకుని రోజూ వచ్చే స్తోమత వాళ్ళకి లేదు. ఆ పాలసీ కూడా బ్యాంకులో పనిచేసే కూతురు కట్టినది. ఇంతకు మించి ఆమెని అడగడానికి ఆయన ఒప్పుకోరు.

నాకు ఒళ్ళు మండింది. పెద్దాయన అని కూడా చూడకుండా అడిగేశాను.

"నొప్పిగా ఉందని ఒక్కసారి అనడానికి ఏమొచ్చిందండీ మీకు? ఉన్నమాటే కదా. లేదంటే అబద్ధం కాదా?"

"లేదని నేనెక్కడన్నానమ్మా? బతికున్నాను, అన్నం తింటున్నాను, మీ అందరితో మాట్లాడుతున్నాను. శుభమే కదా."

"ఇలా మాట్లాడితే ఆ పెళ్ళికి ఎలా వెళతారు?"

ఆ మాటకి ఆయన మొహంలో నవ్వు తగ్గింది. కాసేపు సంచీ తాళ్ళు సవరించుకుంటూ కూర్చున్నారు.

"పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారని మీ అమ్మగారూ చెప్పే ఉంటారు. మీకు నమ్మకం ఉందో లేదో నాకు తెలీదు. నాకు ఉందమ్మా. నాకున్నది ఈ నోరొక్కటే. పొద్దున్న దీంతో నొప్పి, బాధ, నావల్ల కాదు అని, సాయంత్రం ఇదే నోటితో పీటల మీద పిల్లలకి శుభమస్తు అంటే ఏం అంటుతుంది వాళ్ళకి? మా నాన్నగారు జ్వరంతో వణుకుతూ కూడా చలి అనలేదు. నేనూ అలాగే అలవాటు పడ్డాను. ఈ వయసులో నోరు మార్చుకోలేనమ్మా."

తథాస్తు దేవతల మీద నాకు నమ్మకం లేదు. ఆయన మీద మాత్రం ఆ క్షణం నుంచి గట్టి నమ్మకం ఏర్పడింది. అంతకు మించి, ఆయన ఆ పెళ్ళికి వెళ్ళాలన్న పంతం కూడా పట్టుకుంది.

భీమవరం అమ్మాయి కంపెనీకి మళ్ళీ రాసింది. పోట్లాడింది కూడా. చివరికి వాళ్ళ డాక్టరు వీడియోకాల్లో ఒకసారి చూస్తారన్నారు. ఆ రోజు నా సిట్టింగు పొద్దున్నే అయిపోయినా నేను కదల్లేదు. ఫోను నేనే పట్టుకున్నాను. తెర మీద కుర్ర డాక్టరు కనిపించాడు. మర్యాదస్తుడే, కాని తొందరలో ఉన్నాడు.

"చెప్పండి సార్, ఎలా ఉంది?"

"శుభంగా ఉంది నాయనా. మీరంతా కులాసాయా?"

"కులాసానండీ. భుజం ఇబ్బంది పెడుతోందా?"

"దాని పని అది చేస్తోంది నాయనా."

పిన్నిగారు గోడవైపు తిరిగి నిలబడ్డారు. డాక్టరు పక్కకి చూసి ఏదో టైపు చేసుకుంటున్నాడు. "సరేనండీ, అయితే..." అంటున్నాడు. ఇంకొక్క నిమిషం ఊరుకుంటే ఆయన శుభంగా ఇంటికి వెళ్ళిపోతారు, శాశ్వతంగా. నాకు ఎలా తోచిందో తెలీదు, ఫోను నా వైపు తిప్పుకున్నాను.

"డాక్టరుగారూ, ఒక్క మాటండీ. పంతులుగారు పెద్దవారు. పెట్టేసేముందు ఆయనకి ఒకసారి నమస్కారం పెట్టండి."

ఆ అబ్బాయి తెల్లబోయాడు. పెంపకం మంచిది, కాదనలేదు. నేను ఫోను మళ్ళీ పంతులుగారి వైపు తిప్పాను. తెర మీద ఆ అబ్బాయి రెండు చేతులూ జోడించి, "నమస్కారమండీ పంతులుగారూ" అని తల వంచాడు.

పంతులుగారు నా వంక చూశారు. నేను ఏం చేశానో ఆయనకి పూర్తిగా తెలుసు. కావాలంటే ఎప్పటిలాగే తల ఊపి ఊరుకోవచ్చు. సంచీ చేతికే ఉంది. ఆయన ఎడమచేత్తో ఆ పసుపు సంచీని కుడిచేతి నుంచి తీసి, పక్కన బెంచీ మీద పెట్టారు. అన్ని నెలల్లో, వ్యాయామం చేసేటప్పుడు తప్ప, ఆ చెయ్యి నలుగురి ముందు ఖాళీగా ఉండడం నేను అప్పుడే చూశాను.

"దీర్ఘాయుష్మాన్ భవ" అని మొదలుపెట్టి చెయ్యెత్తారు. ఛాతీ దాకా వచ్చి ఆగింది. ఆయన ఆపలేదు. ఇంకా పైకి తేవాలని చూశారు. చెయ్యి వణికింది, భుజం పక్కకి ఒరిగింది, మొహం పాలిపోయింది. గొంతు మాత్రం చెక్కుచెదరలేదు. ఆరోగ్యం, ఐశ్వర్యం, విద్య, సంతానం, ఏ ఒక్క దీవెనా తగ్గించకుండా, స్వరం తప్పకుండా, పెళ్ళిపందిట్లో చెప్పినంత నిండుగా చెప్పారు. ఆ అబ్బాయి మధ్యలో తలెత్తి చూశాడు. ఇంక కదల్లేదు.

"చాలండీ పంతులుగారూ. చెయ్యి దించేయండి" అన్నాడు మెల్లగా.

"పూర్తికానీ నాయనా" అని, పూర్తి చేసే దించారు.

భీమవరం అమ్మాయి వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకుంది. నేను తుడుచుకోలేదు, రెండు చేతులతో ఫోను పట్టుకుని ఉన్నాను. సిట్టింగులు మళ్ళీ మొదలయ్యాయి. ఈసారి పెళ్ళినాటి దాకా ఆపొద్దని ఆ డాక్టరే రాశాడట.

ఆ తర్వాతి రోజులు నాకు పండగలాగే అనిపించాయి. గోడకి నిలువుగా మెట్లు చెక్కిన ఒక చెక్క ఉండేది. వేళ్ళతో ఒక్కొక్క మెట్టూ ఎక్కుతూ చేతిని పైకి తీసుకెళ్ళాలి. ఆయన వేళ్ళు ఒక మెట్టు పైకి వెళ్ళిన రోజు ఆ గదిలో అందరికీ పిన్నిగారు చేసిన మినపసున్ని ఉండలు. నేను మోకాలు కాస్త ఎక్కువ వంచిన రోజు కూడా ఆవిడ డబ్బా తెరిచేవారు. ఆ ఉండల వల్ల నా మోకాలికి మేలే జరిగింది, బరువు సంగతి వేరు. పటం దగ్గర మాత్రం ఏ మార్పూ లేదు. ఆయన వేలు ఎప్పటిలాగే నవ్వుమొహం మీదే. నేను సగం ఏడుపుమొహం దాకా దిగివచ్చాను.

ఆయన చివరిరోజు సిట్టింగు అవగానే అటునుంచి అటే లంకకి ప్రయాణం. పెళ్ళివారి కారు సెంటరు ముందు ఆగి ఉంది. పిన్నిగారు డ్రైవరుకి నెమ్మదిగా పోనియ్యమని అప్పటికే చాలాసార్లు చెప్పారు. పంతులుగారి సంచీ ఆ రోజు నిండుగా ఉంది, పట్టుపంచె, దర్భలు, అక్షింతల పొట్లం. అది ఎడమచేతిలో ఉంది. "వెళ్ళొస్తానమ్మా" అన్నారు గుమ్మం దగ్గర.

"ఉండండి పంతులుగారూ" అన్నాను.

నేను ఎవరికీ కాళ్ళకి దణ్ణం పెట్టే మనిషిని కాను. పెళ్ళిపీటల మీద కూడా అత్తవారివైపు పెద్దవాళ్ళకి మొక్కుబడిగా పెట్టినదాన్ని. కుర్చీ పట్టుకుని, ఎడమకాలు ముందుకి పెట్టి, కుడి మోకాలు వంచాను. కటకటమంది. ఇంకా వంచాను. నేల తగిలింది. తల వంచి ఆయన పాదాలు ముట్టుకున్నాను.

"దీర్ఘసుమంగళీ భవ" అన్నారు. మా ఆయన డ్రైవింగు తెలిసినదాన్ని కాబట్టి ఆ దీవెన నాకు ఎంత అవసరమో నాకే తెలుసు. పొట్లం విప్పిన చప్పుడైంది. కాసేపు ఏమీ జరగలేదు. నేను తలెత్తలేదు. అప్పుడు పడ్డాయి అక్షింతలు, బాగా ఎత్తు నుంచి, తల మీద, మెడ మీద, వీపు మీద.

తలెత్తి చూస్తే ఆ చెయ్యి ఇంకా పైనే ఉంది. ఆయన దానివంక చూస్తున్నారు. మెల్లగా దించుకుని, వంగి, పిన్నిగారికి కూడా వినపడనంత నెమ్మదిగా అన్నారు.

"చాలా నొప్పిగా ఉండేదమ్మా."

"నాకు తెలుసండీ పంతులుగారూ" అన్నాను.

నా మోకాలింకా నేల మీదే ఉంది. లేవడానికి ఆయనే చెయ్యి అందించారు, కుడిచెయ్యి.